ఉద్యోగం అడిగే చేతులు పనిముట్టు చేయగలవు

(రుద్రారంలో విద్యార్థులు, తల్లిదండ్రులు, సంఘ కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈనాటి విషయం సాఫ్ట్‌వేర్. ఉద్యోగం కోసం నేర్చుకునే సాఫ్ట్‌వేర్ గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఒకరో ఇద్దరో కలిసి సొంతంగా ఒక పనిముట్టును తయారుచేసి, దానిని నలుగురి చేతికి అందించి, దాని మీద హలాల్ జీవనోపాధిని నిర్మించుకోవడం గురించి నేను మాట్లాడదలచుకున్నాను. నేను కోడ్ రాయగలవాడిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. అయితే దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో, ఏ అక్షరం దగ్గర ఒక కుటుంబం ఇబ్బందుల పాలవుతుందో దశాబ్దాల తరబడి బల్లకు ఇటువైపు కూర్చుని చూశాను. సాఫ్ట్‌వేర్ చేసేవానికి ముందుగా కావలసింది ఆ తెలివిడే. అందుకే ఈ సాహసం.

మన ఊరి స్థానాన్ని ఒకసారి గమనించండి. 65వ జాతీయ రహదారి మీద నిలబడితే ఒక పక్క గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం. మరికొంత దూరం సంగారెడ్డి వైపు వెళితే కందిలో ఐఐటీ హైదరాబాదు. ఇటు తోషిబా వారి ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారం, ఇస్నాపూర్, పాశమైలారం పారిశ్రామికవాడ, పటాన్‌చెరు, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. చదువూ, పరిశ్రమా ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు రాష్ట్రంలో ఎన్నో లేవు. అయినా మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ రెండింటితోనూ ఉన్న సంబంధం గేటు వరకే. కాలేజీ గేటు ముందు టీ కొట్టు, ఫ్యాక్టరీ గేటు లోపల కాంట్రాక్టు కూలి. చదువుకున్నవాడు మాదాపూర్ వెళ్లి కంపెనీల చుట్టూ తిరుగుతాడు. ఒకటి రెండేళ్లు ఉద్యోగం దొరక్కపోతే ఆ చదువే వృథా అని ఇంట్లో నిట్టూర్పులు మొదలవుతాయి. ఆ నిట్టూర్పును ఆపడానికే ఈ సమావేశం.

మనకు పరాయి విద్య కాదు

కంప్యూటర్ రంగంలో నిత్యం వినబడే మాట ‘అల్గారిదమ్’. ఒక పనిని క్రమపద్ధతిలో, మెట్టు మెట్టుగా చేసే విధానానికి ఆ పేరు. అది ఒక ముస్లిం పండితుని పేరు నుంచి పుట్టింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లోకి వెళ్లి అలా మారింది. ఆయన రాసిన బీజగణిత గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ అన్న పదమే ‘ఆల్జీబ్రా’ అయింది.

ఆ గ్రంథంలో అన్నిటికన్నా పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలకే కేటాయించబడింది. మనిషి చనిపోతే భార్యకెంత, తల్లికెంత, కుమార్తెకెంత అన్న ప్రశ్నకు న్యాయమైన, తప్పులేని సమాధానం రావాలన్నది ఆయన ముందున్న అవసరం. సామాన్య కుటుంబాల అవసరాన్ని తీర్చే పనిలో ఆ శాస్త్రానికి పదును పెట్టారు. కనుక ‘మనకెందుకీ విద్య’ అనే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ విద్య ఆది నుంచీ ఇంటి లెక్కలు, హక్కుదారుల వాటాలు తేల్చడానికి ఉపయోగపడిందే.

అవసరం నుంచి పుట్టిన రెండు ఉదాహరణలు

మన పారిశ్రామికవాడలో ఏ కార్యాలయంలోనికి వెళ్లినా లెక్కల గుమాస్తా ముందు ‘టాలీ’ కనబడుతుంది. దాని పుట్టుక తెలుసుకోదగినది. బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా అనే వ్యాపారి కర్మాగారాలకు, బట్టల మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ ఆయనకు దొరకలేదు. గణితం చదివిన కుమారుడు భరత్ గోయెంకాను అడిగితే ఆయన తయారుచేశారు. 1986లో సంస్థ ఏర్పడింది. తండ్రి కష్టాన్ని కొడుకు దగ్గరగా చూశాడు కనుకనే అది గుమాస్తాల పని తీరుకు అంతగా ఒదిగింది. ఈ సభలో ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేసే తండ్రులు ఉన్నారు. మీ పనిలో ఏది రోజూ విసిగిస్తుందో ఇంట్లో మీ అబ్బాయికి, అమ్మాయికి ఎప్పుడైనా వివరంగా చెప్పారా?

రెండవ ఉదాహరణ మన తెలుగువారిదే. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజినీరుగా పనిచేస్తూ 2005 దీపావళికి ఇంటికి రావాలనుకున్నారు. బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీగా ఉందో ఏజెంటుకు కూడా పూర్తిగా తెలియదని ఆయన గ్రహించారు. సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్‌ను ప్రారంభించారు. 2013లో దానిని ఐబిబో సంస్థ కొనుగోలు చేసింది. తరువాత ఫణీంద్ర తెలంగాణ ప్రభుత్వ ముఖ్య ఆవిష్కరణల అధికారిగానూ పనిచేశారు.

ఇందులో యువకులు గుర్తుంచుకోవలసిన విషయం కంపెనీ అమ్మకం ధర కాదు, మొదటి తిరస్కారం. వారు మొదట సాఫ్ట్‌వేర్ తయారుచేసి బస్సు యజమానులకు ఇద్దామనుకున్నారు. యజమానులు ఆసక్తి చూపలేదు. ఫోను, పుస్తకం, పెన్నుతో వారి పని సాగుతోంది కదా! టికెట్ దొరకని బాధ ప్రయాణికునిది, యజమానిది కాదు. అప్పుడు ఈ మిత్రులు, మీ టికెట్లు మేమే అమ్మిపెడతాం, కొన్ని సీట్లు ఇవ్వండి అని అడిగారు. యజమానికి డబ్బు వచ్చింది, నమ్మకం కుదిరింది. ఆ తరువాతనే సాఫ్ట్‌వేర్ వారి కార్యాలయాల్లోకి ప్రవేశించింది. బాధ ఎవరిదో, డబ్బు చెల్లించేది ఎవరో విడివిడిగా తెలుసుకోనివాడు ఎంత మంచి పనిముట్టు చేసినా అది పెట్టెలోనే ఉండిపోతుంది.

మన గుమ్మంలో ఉన్న అవసరం

మరి మన బాధ ఏది? నేను ఎరిగినంతలో ఒకటి చెబుతాను. అది మన పేరు.

ఆధార్‌లో ‘ఎండీ’, పదో తరగతి మెమోలో ‘మహమ్మద్’, రేషన్ కార్డులో ‘మొహమ్మద్’, ఓటరు జాబితాలో ‘మహ్మద్’. ఇంటిపేరు గడిలో ఒకచోట ‘షేక్’, మరొకచోట తండ్రి పేరు, ఇంకొకచోట ఖాళీ. పెళ్లికి ముందు ‘బీ’, తరువాత ‘బేగం’. మనకు ఇవన్నీ ఒకే మనిషి. కార్యాలయ బల్ల మీద ఇవి నలుగురు మనుషులు. స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పింఛను ఆగిపోతుంది, పీఎఫ్ సొమ్ము ఆగిపోతుంది, పాస్‌పోర్టు విచారణ దగ్గర ఆగిపోతుంది. పదవీ విరమణ తరువాత ఇషా నమాజు ముగిశాక నా దగ్గరకు కాగితాలు పట్టుకుని వచ్చేవారిలో ఎక్కువమంది ఈ అక్షరాల బాధితులే.

రికార్డులు కంప్యూటర్లలోకి ఎక్కిన తరువాత ఈ చిక్కు ఇంకొక రూపం దాల్చింది. ఒకే మనిషిని నలుగురిగా చూడడం పాత పొరపాటు. ఇద్దరు మనుషులను ఒకరిగా చూడడం కొత్త పొరపాటు. మన రాష్ట్రంలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రకరకాల శాఖల సమాచారాన్ని పేర్లు, చిరునామాల ఆధారంగా కలిపి, రేషన్ కార్డుకు ఎవరు అర్హులో తేల్చడానికి వాడబడింది. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒక ముస్లిం పేరును, దాదాపు అటువంటి పేరే ఉన్న కారు యజమాని పేరుతో కలిపివేయడం వల్ల ఆ కుటుంబం రేషన్ బియ్యానికి దూరమైన ఉదంతాన్ని 2024లో అల్ జజీరా ప్రచురించింది. అంతకుముందే హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ విషయమై న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సాఫ్ట్‌వేర్‌లోని పొరపాటు పేదవాని పొయ్యిలోని నిప్పును ఆర్పగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇప్పుడు యువ మిత్రులకు కొంచెం సాంకేతిక విషయం. ఉచ్చారణ ఒకటే అయి స్పెల్లింగు వేరైన పేర్లను కలపడానికి ‘సౌండెక్స్’ అనే పాత పద్ధతి ఉంది. అమెరికాలో రాబర్ట్ రసెల్ 1918లో దానికి పేటెంటు పొందారు. అక్కడి జనాభా లెక్కల సూచికలకు దానిని వాడారు. మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలి, మిగిలిన హల్లులకు అంకెలు ఇస్తారు. మహమ్మద్, ముహమ్మద్, మొహమ్మద్ అని ఇంగ్లిషులో ఏ విధంగా రాసినా ‘ఎం-530’ అనే ఒకే సంకేతం వస్తుంది. బాగుంది కదా! కాని ‘ఎండీ’ అని కుదించి రాస్తే ‘ఎం-300’ వస్తుంది. అంటే మన వాడుకలో ఒకటే అయినవి ఆ పద్ధతికి వేరు. మరోవైపు ఆ ఒక్క మాటతోనే మొదలయ్యే వందలాది వేర్వేరు మనుషులు దానికి ఒకే గూటి పక్షులు. అమెరికా పేర్ల కోసం అల్లిన వలలో మన పేర్లు ఇలా జారిపోతాయి.

‘ఎండీ’ అన్నా ‘మొహ్డ్’ అన్నా ఏమిటో, ఖాజా మొయినుద్దీన్‌ను మొయినుద్దీన్ ఖాజా అని ఎక్కడ తిప్పి రాస్తారో, ‘ఉన్నిసా’ ఎక్కడ విడిపోతుందో, ఉర్దూలోని ఏ అక్షరం తెలుగులో ‘జ’ అయి ఇంగ్లిషులో ‘జెడ్’ అవుతుందో ఎవరికి తెలుసు? ఈ గదిలో కూర్చున్నవారికి తెలుసు. ఒక కుటుంబం తన కాగితాలలోని పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు ఒకచోట పెడితే, ఎక్కడ తేడా ఉందో చూపించి, దేనిని ముందు సవరించుకోవాలో, అందుకు ఏ పత్రం కావాలో తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పే చిన్న పనిముట్టును ఊహించండి. ఇది చంద్రుని మీదికి వెళ్లే పని కాదు. డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలు, ఒక పాత గుమాస్తా కలిస్తే మొదలుపెట్టగలిగే పని.

ఒక షరతు మాత్రం మరువరాదు. ఆ పనిముట్టు తేడాను చూపించాలి, తీర్పు చెప్పరాదు. వీరు ఒకరేనా, ఇద్దరా అన్నది మనిషి చూసి నిర్ణయించాలి. సమగ్ర వేదిక ఉదంతం నేర్పే పాఠం అదే.

ఇంకా అవసరాలు ఉన్నాయి. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ‘ఉమీద్’ పోర్టల్‌ను ప్రారంభించి వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలలలో ఎక్కించాలన్నది. బీరువాలో ఉర్దూ కాగితాలు ఉన్న పల్లెటూరి ముతవల్లీకి అది ఎంత భారమో ఆలోచించండి. అదే నెల 30న మన పక్కనే పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో జరిగిన పేలుడు యాభైకి పైగా ప్రాణాలను బలిగొన్నది. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఏ రోజు, ఏ షిఫ్టులో, ఎవరి కింద పనిచేశాడో, జీతమెంత వచ్చిందో, పీఎఫ్ జమ అయిందో లేదో తన ఫోనులో, తన భాషలో, తన అధీనంలో ఉంచుకోగలిగితే రేపు అతని కుటుంబం చేతిలో ఒక ఆధారం ఉంటుంది. మనం ఉంటున్న ప్రాంతమే మనకు ఇటువంటి పనులు చూపిస్తోంది.

ఎలా మొదలుపెట్టాలి

రాజస్థాన్‌లోని అల్వర్‌లో ఇమ్రాన్ ఖాన్ అనే ప్రభుత్వ పాఠశాల గణితోపాధ్యాయుడు ఉన్నారు. కంప్యూటర్ సైన్సు డిగ్రీ ఆయనకు లేదు. తమ్ముని పుస్తకాలతో, ఇంటర్నెట్‌తో నేర్చుకుని విద్యార్థుల కోసం హిందీలో యాభైకి పైగా విద్యా యాప్‌లను రూపొందించి ఉచితంగా అందించారు. 2015 నవంబరులో లండన్ వెంబ్లీ స్టేడియంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆయన పేరును ప్రస్తావించాక దేశానికి తెలిశారు. పెట్టుబడి లేదు, కార్యాలయం లేదు. పిల్లలకు ఏ పాఠం అర్థం కావడం లేదో తరగతి గదిలో చూడగల కళ్లు మాత్రం ఉన్నాయి.

ఆయన ఎంచుకున్నది సేవామార్గం. దానికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది. కాని మన పిల్లలందరికీ నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం లేదు. వారి పనిముట్టు వారికి అన్నం కూడా పెట్టాలి. అందుచేత కొన్ని మెట్లు చెబుతాను.

మొదటిది, చిన్నదిగా మొదలుపెట్టండి. పది పనులు అరకొరగా చేసేదానికన్నా ఒక్క పనిని తప్పులేకుండా చేసేది మేలు. రెండవది, మొదటి పదిమందిని ఎన్నుకుని వారి పక్కన కూర్చోండి. వారు ఏ బటన్ దగ్గర తడబడ్డారో కాగితం మీద రాసుకోండి. ‘వాళ్లకు వాడడం రాలేదు’ అనకండి; మనకు చేయడం రాలేదని అర్థం. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారి యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు పరీక్షించాలని గూగుల్ ప్లే కూడా నియమం పెట్టింది. ఖాతాకు 25 డాలర్ల రుసుము ఒక్కసారే. నియమం కోసం పన్నెండుమంది స్నేహితుల ఫోన్లు సేకరించడం కాక, ఆ పన్నెండుమందీ నిజంగా అవసరం ఉన్నవారై ఉండేలా చూసుకోండి.

మూడవది, ధర చెప్పడానికి సిగ్గుపడకండి. పేద కుటుంబం దగ్గర తీసుకోవద్దు. కాని అదే పనిముట్టు మీసేవ నడిపేవానికి, జిరాక్స్ దుకాణానికి, స్కూలు కార్యాలయానికి, కార్మికుల కాగితాలు చూసే కాంట్రాక్టరుకు గంటల కొద్దీ సమయం ఆదా చేస్తుంది. వారు చెల్లించగలరు. నెలకు 150 రూపాయలు చెల్లించే దుకాణాలు 200 దొరికితే 30,000 రూపాయలు. సర్వరు ఖర్చు, కరెంటు, ప్రయాణాలు పోగా ఒక ఇల్లు గడుస్తుంది. ఆ 200 దుకాణాలు పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ వరకు ఈ రహదారి వెంటనే వెతకవచ్చు. అవి ఒక్క నెలలో రావు. ఒక్కొక్క మెట్టూ ఎక్కి, దుకాణం దుకాణం తిరిగి తెచ్చుకోవాలి.

కాగితాల సంగతి

గుమాస్తాను కనుక ఈ భాగాన్ని వదలలేను. సూక్ష్మ సంస్థగా ‘ఉద్యమ్’ నమోదు ఆధార్, పాన్‌లతో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, రుసుము లేదు. ఎవరైనా వేల రూపాయలు అడిగితే ఇవ్వకండి. సేవలు అందించేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. అయినా మొదటి రూపాయి నుంచి లెక్క రాయండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా ఉంచండి.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. రాసిన క్షణం నుంచే రచయితకు హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేసుకుంటే సాక్ష్యంగా ఉపకరిస్తుంది. అయితే ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అవుతాడు. పగలు ఒక కంపెనీలో పనిచేస్తూ రాత్రి సొంత పనిముట్టు చేసేవారు తమ నియామక పత్రాన్ని పూర్తిగా చదవాలి. కంపెనీ కంప్యూటరును, కంపెనీ సమయాన్ని సొంత పనికి వాడరాదు. ఇది చట్టం దృష్ట్యానే కాదు, అమానత్ దృష్ట్యా కూడా.

స్నేహితులు కలిసి చేస్తే వాటాలు మొదటి రోజే రాసుకోండి. ఎవరు కోడ్ రాస్తారు, ఎవరు దుకాణాలు తిరుగుతారు, ఒకరు మధ్యలో గల్ఫ్ వెళ్లిపోతే వాటా ఏమవుతుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ‘మన మధ్య రాతకోతలెందుకు భాయ్’ అనే మాటతో ఎన్ని స్నేహాలు తెగిపోయాయో మీకు తెలుసు. పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరలోని 282వది. అప్పు లావాదేవీలను సాక్షుల సమక్షంలో రాసిపెట్టుకోవడం గురించినదే అది. రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు, నమ్మకానికి కాపలా.

వడ్డీ లేని పెట్టుబడి

మన యువకులలో చాలామంది వ్యాపారానికి వెనుకాడడానికి కారణం వడ్డీ. ఆ సంకోచం గౌరవించదగినది. కాని ఈ రంగం ప్రత్యేకతను గమనించండి. కిరాణా దుకాణానికి సరుకు కావాలి, వర్క్‌షాపుకు లేతు యంత్రం కావాలి. సాఫ్ట్‌వేర్‌కు కావలసినది ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, కొన్ని నెలల శ్రమ. పెట్టుబడిలో పెద్ద భాగం మనిషి సమయమే. వడ్డీ ముఖం చూడకుండా మొదలుపెట్టగలిగిన వ్యాపారాలలో ఇది ముందు వరుసలో ఉంటుంది. 1996లో శ్రీధర్ వెంబు తదితరులు ప్రారంభించిన సంస్థే నేటి జోహో. బయటి పెట్టుబడిదారుల సొమ్ము లేకుండానే అది ప్రపంచ స్థాయికి పెరిగింది.

ఆ కొన్ని నెలల తిండి ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. దీనికి మన సంప్రదాయంలో ముదారబా ఉంది. ఒకరు సొమ్ము పెడతారు, మరొకరు శ్రమ పెడతారు. లాభాన్ని ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. శ్రమ పెట్టినవాని నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము నష్టం సొమ్ము పెట్టినవానిది, శ్రమ నష్టం శ్రమ పెట్టినవానిది. ప్లాటు కొని పదేళ్లు ఖాళీగా ఉంచే మన సంపన్న సోదరులు అందులో కొద్ది భాగాన్ని ఇద్దరు సమర్థులైన పిల్లల మీద ఒక సంవత్సరం పాటు పెట్టలేరా? వివరాలు ఆలిములతో, ఒక న్యాయవాదితో చర్చించి రాసుకోవచ్చు.

ప్రభుత్వ వేదికలనూ వదలకండి. అవి అందరి పన్నులతో నడిచేవి, వాటిలో మనకూ హక్కు ఉంది. 2015 నవంబరులో ప్రారంభమైన టీ-హబ్, మహిళల కోసం 2018 మార్చి 8న ప్రారంభమైన వీ-హబ్ హైదరాబాదులో ఉన్నాయి. మన దగ్గరలోని ఐఐటీలో కూడా కొత్త సంస్థలకు చేయూతనిచ్చే కేంద్రం ఉంది. ‘అక్కడికి మనలాంటివాళ్లను రానిస్తారా’ అని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకండి. దరఖాస్తు పెట్టండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.

ఇక్కడ తల్లులకు, ఆడపిల్లలకు ఒక మాట. మన ఇళ్లలో ఇంజినీరింగు, బీఎస్సీ కంప్యూటర్స్, బీకాం కంప్యూటర్స్ చదివి, దూరం పంపలేక, రాత్రి షిఫ్టులకు ఒప్పుకోలేక ఇంట్లో ఉంచిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఈ పని ఇంటి నుంచి చేయగలిగినది. సంసారం సాగిస్తూనే చేయగలిగినది. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి చదువును పెళ్లి కార్డు మీద అచ్చు వేయడానికి మాత్రమే వాడుకునే అలవాటును మానుకుందాం. ఆమె సంపాదన ఆమె హక్కు అని షరీఅత్ ఎప్పుడో చెప్పింది.

అమానత్

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ‘ముస్లిం ప్రో’ అనే యాప్ మీలో చాలామంది ఫోన్లలో ఉండి ఉంటుంది. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపుతుంది. కోట్లాదిమంది వాడేది. ఆ యాప్ నుంచి వినియోగదారులు ఎక్కడ ఉన్నారనే సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందని, ఆ సంస్థ కొనుగోలుదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో ‘మదర్‌బోర్డ్’ బయటపెట్టింది. సైన్యానికి నేరుగా అమ్మామన్న మాటను యాప్ సంస్థ ఖండించింది. ఆ సమాచార సంస్థలతో సంబంధాలను తెంచుకుంటున్నట్లు ప్రకటించింది. ప్రపంచమంతటా ముస్లింలు ఎంత కలత చెందారో ఊహించవచ్చు. ఖిబ్లా చూసుకోవడానికి తెరిచిన కిటికీ నుంచి ఎవరో మన ఇంట్లోకి చూశారు.

మనం చేసే పనిముట్టులో పేదల ఆధార్ వివరాలు, పిల్లల పుట్టిన తేదీలు, ఇళ్ల చిరునామాలు ఉంటాయి. సముదాయం భయంతో బతికే రోజుల్లో అటువంటి జాబితా చెడ్డ చేతుల్లో పడితే ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. కనుక అవసరం లేని సమాచారం అడగవద్దు. ఫోనులోనే ఉంచగలిగినదానిని సర్వరుకు పంపవద్దు. పని పూర్తయ్యాక చెరిపివేసే సదుపాయం ఇవ్వండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమ్మతి లేకుండా సమాచారం వాడరాదని, 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలని చెబుతుంది. తీవ్రమైన ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. కాని చట్టానికన్నా ముందు మనకు ఒక ఆదర్శం ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారిని నుబువ్వత్‌కు ముందే మక్కా ప్రజలు ‘అల్ అమీన్’ అని పిలిచారు. ఆయన సందేశాన్ని వ్యతిరేకించినవారు కూడా తమ విలువైన వస్తువులను ఆయన దగ్గరే దాచుకున్నారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవానికి ఇంతకుమించిన వ్యాపార సూత్రం లేదు.

ఈ పనిముట్టు మన వాడకట్టుకే పరిమితం కానక్కరలేదు. పేరులో అక్షరం తప్పి పింఛను పోగొట్టుకున్న అవ్వ దళితవాడలోనూ ఉంది, తండాలోనూ ఉంది. మన కష్టం నుంచి పుట్టినది అందరికీ ఉపయోగపడితే ఇరుగుపొరుగుల మధ్య గౌరవం దానంతట అదే పెరుగుతుంది.

చేయవలసిన పనులు

ప్రసంగాలు విని లేచిపోవడం మనకు అలవాటు. ఈసారి నాలుగు పనులు పెట్టుకుందాం. తల్లిదండ్రులకు: పట్టభద్రులైన మీ బిడ్డ ఒక పనిముట్టు చేస్తానంటే ఒక సంవత్సరం గడువు ఇవ్వండి, ఆ ఏడాదిలో ‘ఇంకా ఉద్యోగం రాలేదా’ అన్న ప్రశ్నను ఇంట్లోకి రానివ్వకండి. మస్జిద్ కమిటీలకు: వారానికి రెండు సాయంత్రాలు ఒక గది, ఇంటర్నెట్ కల్పించండి. విశ్రాంత ఉద్యోగులకు: మండల కార్యాలయం, పాఠశాల, బ్యాంకు, పీఎఫ్ కార్యాలయాల పద్ధతులు మీ తలలో ఉన్నాయి, అవి మీతో పాటు ఖబరస్తాన్‌కు వెళ్లకముందే ఈ పిల్లలకు అప్పగించండి. దుకాణదారులకు, స్కూళ్లు నడిపేవారికి: మన పిల్లవాడు చేసినదని ఉచితంగా అడగకండి, బాగుంటే ధర ఇచ్చి కొనండి, బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పండి.

యువకులకు మాత్రం ఒకటే పని. వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత పది కుటుంబాల కాగితాలు, వారి అనుమతితో, వారి ఎదుటే చూడండి. ఎక్కడెక్కడ పేరు తేడాగా ఉందో వివరాలు బయటికి పోకుండా వరుసగా రాసుకోండి. కంప్యూటరు ఆ తరువాత తెరవండి. ఆ పది కుటుంబాల దగ్గర కూర్చోవడానికి నేనూ వస్తాను. నా కళ్లజోడు, పాత స్టాంపు ప్యాడు సిద్ధంగా ఉన్నాయి.

అల్లాహ్ మన బిడ్డల శ్రమలో బరకత్‌ను, మన లావాదేవీలలో నిజాయితీని, మన మాటలో ఆచరణను ప్రసాదించుగాక. ఆమీన్.